వాడు పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లడు?

తమ్ముడూ,

నీ నవల మొత్తం చదివాను. పారిస్‌లో ఒక మామూలు అకౌంటెంటు, 2022వ సంవత్సరం, ఎవరు పంపుతున్నారో తెలియని బెదిరింపులు. వాక్యం నీకు బాగానే వచ్చు. కానీ ఏడో అధ్యాయంలో వాడు షాపుకెళ్లి పిస్తోలు కొనుక్కున్న దగ్గర నాకు ఒళ్లు మండింది. ఫ్రాన్స్‌లో పిస్తోలు బి కేటగిరీ ఆయుధం. షూటింగ్ క్లబ్బులో సభ్యత్వం ఉండాలి, ప్రిఫెక్చర్ (ప్రభుత్వ జిల్లా కార్యాలయం) అనుమతి రావాలి, దానికి నెలలు పడుతుంది. పైగా పిస్తోలు చేతికొచ్చాక వాడిక మామూలు మనిషి కాదు. నీ కథ అక్కడే చచ్చింది.

ఇలాంటి నవల నిలబడేది ఒక్క ప్రశ్న మీద: వాడు పోలీసుల దగ్గరికి ఎందుకు వెళ్లడు? 'వాళ్లు నమ్మరు' అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎందుకు నమ్మరు? చంపుతామని రాసి పంపితే ఫ్రెంచి శిక్షాస్మృతి 222-17 కింద మూడేళ్ల జైలు, 45,000 యూరోల జుర్మానా దాకా ఉంది. ఫిర్యాదు ఇస్తే తీసుకోక తప్పదు. కాబట్టి వాణ్ణి పంపించు. స్టేషన్‌లో రెండు దారులుంటాయి. 'ప్లాంత్' అంటే ఫిర్యాదు, అది ప్రాసిక్యూటర్ దాకా వెళ్తుంది. 'మేన్ కురాంత్' అంటే జరిగింది నమోదు చేయించుకోవడం వరకే, మామూలుగా దాంతో దర్యాప్తు మొదలవదు. నీవాడు రెండోదే అడగాలి. మొదటిదైతే 'మీమీద పగ ఎవరికి?' అని తవ్వుతారు, వాడు దాచినదే బయటపడుతుంది. ఆ దాచినదేదో మొదటి అధ్యాయంలోనే పాతిపెట్టాలి.

1952లో ఒక నవలలో బ్వాలో, నార్సెజాక్ అనే ఇద్దరు ఫ్రెంచి నేరకథా రచయితలు కలిసి చేసింది ఇదే. అందులో నాయకుడు రవినెల్ ఊళ్లు తిరిగే సేల్స్‌మన్. ప్రియురాలితో కలిసి భార్యను స్నానాల తొట్టిలో ముంచి చంపుతాడు. ఆ తర్వాత శవం మాయమవుతుంది, ఆమె బతికే ఉందన్న ఆనవాళ్లు ఒక్కొక్కటే ఎదురవుతాయి. ఎవరికి చెప్పుకుంటాడు? దర్శకుడు క్లూజో 1955లో 'లే దియబొలీక్' సినిమా తీసింది ఆ నవల నుంచే. 1976లో మరో ఫ్రెంచి నేరకథా రచయిత మాంషెట్ రాసిన నవలలో జెర్ఫో అనేవాడి కథ వేరు. రోడ్డు మీద గాయపడ్డవాణ్ణి ఆసుపత్రిలో దింపి, పేరు చెప్పకుండా వచ్చేస్తాడు. తర్వాత సెలవుల్లో, జనం నిండిన సముద్రతీరంలో, ఇద్దరు వాణ్ణి నీళ్లలోనే చంపబోతారు. మాంషెట్ మనిషి మనసులోకి వెళ్లడు, చేసిన పనులు మాత్రమే రాస్తాడు. ఆ పద్ధతి జోలికి నువ్వు ఇప్పుడే పోకు.

నీ నవలలో నన్ను కదిలించింది ఒకటుంది: తపాలా పెట్టెలో రిజిస్టర్డ్ ఉత్తరం తాలూకు చీటీ. దాన్ని అదే పేజీలో చంపేశావు, మర్నాడే కవరు విప్పించి. ఆ ఉత్తరం పోస్టాఫీసులో 15 రోజులు ఉంటుంది, తీసుకోకపోతే పంపినవాడికే తిరిగి వెళ్తుంది. తీసుకోవాలంటే గుర్తింపు కార్డు చూపించి సంతకం పెట్టాలి, అంటే అందిందని అవతలివాడికి తెలిసిపోతుంది. పైగా ఉద్యోగంలోంచి తీసేసే ముందు యజమాని మాట్లాడడానికి పిలిచేది సాధారణంగా ఇలాంటి ఉత్తరంతోనే. కనుక నీవాడికి ముందు తన ఉద్యోగం గుర్తుకు రావాలి, చావు కాదు. ఆ 15 రోజుల మీద మూడు అధ్యాయాలు రాయొచ్చు. శనివారం మధ్యాహ్నానికే చాలా పోస్టాఫీసులు మూస్తారు. వాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి కౌంటరు మూసి ఉంటుంది. రాత్రి మెట్లెక్కుతుంటే టైమరు దీపం మధ్యలో ఆరిపోతుంది, అది పాత భవనాల్లో రోజూ జరిగేదే. ఎవరూ వెంటపడనక్కర్లేదు.

మొదటి పేజీలోనే శవం ఉండాలని, ప్రతి అధ్యాయం చివరా కేక పడాలని సంపాదకులు చెప్తారు. పత్రికల్లో సీరియళ్లు వచ్చిన రోజుల నుంచీ ఇదే పాట. దీనివల్ల పాఠకుడు కేక కోసం చదువుతాడు, మనిషి కోసం చదవడు. వినకు. చివర్లో మలుపు ఉండి తీరాలన్న ఈ కొత్త మోజూ అంతే.

ఇంకొకటి. పారిస్ నేరపరిశోధన పోలీసులు 2017లోనే సేన్ ఒడ్డున కే దెజోర్ఫేవ్ర్‌లోని 36వ నంబరు భవనం వదిలి బాస్తియన్ వీధికి మారారు, కొత్త చిరునామాలో పాత 36 నంబరు ఒక్కటే మిగిలింది. నీవాణ్ణి సేన్ నది ఒడ్డుకు పంపకు. అసలు వాడు వెళ్లాల్సింది తన పేటలోని స్టేషనుకి.

కలం పేరు గురించి, ఎవరికి పంపాలన్న దాని గురించి ఇప్పుడు మాట్లాడను. ముందు పిస్తోలు తీసేయి. వాడు అకౌంటెంటు కదా, నిజం కాదని తెలిసీ సంతకం పెట్టిన ఇన్‌వాయిస్ ఒకటి ఉంటుంది. ఎవరి పేరు మీద, ఎంత మొత్తానికి, ఏ తేదీన పెట్టాడో తేల్చుకుని నాకు రాయి.