స్టెంట్ వేశాక విటమిన్ ఇ మాత్రలు అవసరమా?

ప్రశ్న: నా వయసు 56. ఎనిమిది నెలల క్రితం స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ వాడుతున్నాను. యాంటీ ఆక్సిడెంట్లు గుండె కణాలను కాపాడతాయని మా బావమరిది చెబితే విటమిన్ ఇ 400, విటమిన్ సి 500 కూడా రోజూ వేసుకుంటున్నాను. ఈమధ్య బ్రష్ చేసేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఇవి కొనసాగించవచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు విటమిన్ ఇ ఆపేయండి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసే మందులే. వాటికి విటమిన్ ఇ ఎక్కువ మోతాదులో తోడైతే రక్తస్రావం పెరిగే అవకాశం ఉంది. చిగుళ్ల జబ్బు కూడా కారణం కావచ్చు కాబట్టి డెంటిస్టుకు చూపించుకోండి. రక్తం వస్తోందని టెన్షన్ పడి గుండె మందులు మాత్రం సొంతంగా మానేయకండి, స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది. మలం నల్లగా వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ బావమరిది చెప్పింది కల్పనేమీ కాదు. గుండె క్షణం ఆగకుండా ఆక్సిజన్ వాడుకుంటుంది, ఆ క్రమంలో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. రక్తనాళం గోడలో చేరిన చెడు కొలెస్ట్రాల్ ఇలాంటి ఫ్రీ రాడికల్స్ వల్ల ఆక్సీకరణ చెందితే పూడికలు ముదురుతాయి. విటమిన్ ఇ ఈ ఆక్సీకరణను అడ్డుకుంటుంది, ఖర్చయిపోయిన విటమిన్ ఇని విటమిన్ సి మళ్లీ పనిలోకి తెస్తుంది. ల్యాబ్‌లో ఇదంతా చక్కగా కనిపిస్తుంది. 1990లలో డాక్టర్లూ చాలా ఆశపడ్డారు.

మనుషుల్లో మాత్రం ఆ ఆశ నిలవలేదు. 2000లో వెలువడిన ‘హోప్’ పరిశోధనలో సుమారు 9,500 మంది నాలుగున్నరేళ్ల పాటు పాల్గొన్నారు. రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారికి గుండెపోట్లు తగ్గలేదు. తర్వాత మరికొన్నేళ్లు గమనిస్తే వారిలో హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం) కాస్త ఎక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో 20 వేల మందికి పైగా పాల్గొన్న మరో పరిశోధనలో విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ (శరీరంలో విటమిన్ ఎగా మారే పదార్థం) మూడూ కలిపి ఐదేళ్లు ఇచ్చారు. రక్తంలో విటమిన్లు పెరిగాయి, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అదే పరిశోధనలో సిమ్వాస్టాటిన్ వాడినవారిలో గుండెపోట్లు, పక్షవాతం దాదాపు పావు వంతు తగ్గాయి. మీ అటోర్వాస్టాటిన్ ఆ కుటుంబానికి చెందిన మందే. అంటే మీకు కావలసిన రక్షణ ఇప్పటికే మీ మందుల డబ్బాలో ఉంది!

విటమిన్ సి 500 వల్ల పెద్ద హాని లేదు, గుండెకు లాభమూ లేదు. కిడ్నీలో రాళ్లు వచ్చి ఉంటే అదీ వద్దు. ఒక జామకాయ, గోంగూర, తోటకూర, గుప్పెడు వేయించిన పల్లీలు చాలు. ఉసిరికాయ మంచిదని ఊరగాయ మీద పడకండి, అందులో ఉప్పు ఎక్కువ.

మీరు రాయలేదు గానీ, సిగరెట్ అలవాటుంటే మానేయండి. బీటా కెరోటిన్ మాత్రల జోలికీ వెళ్లకండి. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి వాటిని ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగినట్టు 1994లో తేలింది. ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు మీరు సొంతంగా కొన్న స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లి మీ కార్డియాలజిస్టుకు చూపించండి.