రిమోట్ టైగర్ ట్యాంకుకు చరిత్రకు సరిపోయే రంగు ఎలా వేయాలి?

గుంటూరు నుంచి అడిగిన మీ ప్రశ్నకు నా జవాబు: ముందు రంగు కొనకండి, మీ రిమోట్ బొమ్మ ట్యాంకు యుద్ధంలో ఏ తేదీ నాటిదో ఎంచుకోండి. టైగర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ భారీ ట్యాంకు. దాని రంగు ఏదన్నది తేదీని బట్టే ఉంటుంది. 1943 ఫిబ్రవరి దాకా ఐరోపాలోని జర్మన్ ట్యాంకులకు ముదురు బూడిద రంగు. ఆ తర్వాత ముదురు పసుపు, దానిమీద ఆకుపచ్చ, ఎర్రమట్టి రంగు చారలు. ఆ చారల రంగు ముద్దగా వచ్చేది. సిబ్బందే పెట్రోలులోనో నీళ్లలోనో కలిపి కొట్టుకునేవారు. అందుకే ఏ రెండు ట్యాంకులూ ఒకేలా ఉండవు.

మీరు 1943 జూలైలో రష్యాలో జరిగిన కుర్స్క్ యుద్ధం ఎంచుకుంటే, చక్రాలకు రబ్బరు అంచు ఉండాలి. ఉక్కు చక్రాలు 1944లో వచ్చాయి. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా పూసే గరుకు పూత కూడా అప్పటికి లేదు. చాలా మంది పొరబడేది ఇక్కడే.

1/16 కొలతలో, అంటే అసలులో పదహారో వంతుగా చేసిన బొమ్మకు తుపాకీ గొట్టం కాక పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. అసలు ట్యాంకు మామూలుగా గంటకు 40 కిలోమీటర్ల లోపే పోయేది, కాబట్టి 16తో భాగిస్తే మీది గంటకు రెండున్నర కిలోమీటర్లు దాటకూడదు. మోటారు గేరు తగ్గించండి.

మట్టికి మాత్రం మీ ఊరే దిక్కు! కుర్స్క్ నేల నల్లనిది. మన నల్లరేగడిని పలుచని గుడ్డలో జల్లించి, మెరుపులేని వార్నిష్‌లో కలిపి, పాత బ్రష్షుతో గొలుసు పట్టాల సందుల్లో అద్దండి. రంగును ఉదయం పూటే కొట్టండి. మే నెల మధ్యాహ్నం కొడితే తుంపర గాలిలోనే ఆరి, పైన ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది.