వరి మొక్క లోపల మేలు చేసే బ్యాక్టీరియా నిజంగా ఉంటుందా? నెల్లూరు మసూరికి యూరియా మానేయొచ్చా?

ఉంటుంది. యూరియా మాత్రం పూర్తిగా మానొద్దు, పంట దెబ్బతింటుంది.

జీలుగ మొక్క పీకి, బ్యాక్టీరియా ఉండే వేరుబుడిపె చిదిమితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. వరి వేరుకు అలాంటి బుడిపెలు ఉండవు, కంటికేమీ కనపడదు. పిల్లవేరు తల్లివేరును చీల్చుకొని వచ్చేచోట సన్నటి పగులు ఏర్పడుతుంది. అజోస్పైరిల్లం, హెర్బాస్పైరిల్లం లాంటి బ్యాక్టీరియాలు ఆ సందులోంచి దూరి కణాల మధ్య కాపురముంటాయి. గాలిలోని నత్రజనిని కొంత పట్టి ఇస్తాయి. నా లెక్కలో అంతకంటే పెద్ద మేలు, వేరు ఎదుగుదలకు పనికొచ్చే ఆక్సిన్ అనే హార్మోన్ తయారుచేయడం. పిల్లవేర్లు గుబురుగా వస్తాయి, వేసిన ఎరువు వృథా కాదు.

పెన్నా డెల్టాలో నారు పీకి నాటుతారు కాబట్టి వేర్లు ముంచడమే మంచి పద్ధతి. ఎకరా నారుకు కిలో అజోస్పైరిల్లం పొడిని 40 లీటర్ల నీళ్లలో కలపండి. నారు కట్టల వేర్లకున్న మట్టి కడిగి, నీడలో 15–20 నిమిషాలు ముంచి, అదే రోజు నాటేయండి. ఎండలో వదిలేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

చాలామందికి ఫలితం రానిది ఇక్కడే: గడువు దాటిన ప్యాకెట్, ఎండ తగిలే గదిలో నిల్వ, లేదంటే అదే నీళ్లలో స్ట్రెప్టోసైక్లిన్, రాగి మందు కలపడం. ఆ రెండూ బ్యాక్టీరియాను చంపే మందులే కదా! నాటగానే యూరియా గుప్పించినా నష్టమే. నత్రజని దండిగా దొరికితే ఇవి గాలిలోది పట్టడం ఆపేస్తాయి. యూరియాను దఫాలుగా, ఆకు రంగు చూసి వేయండి.