వెనక టైర్లు లోపలివైపే ఎందుకు అరుగుతున్నాయి?

ప్రశ్న: మేస్త్రి గారూ, 2017 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ కారు సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. లోయరింగ్ స్ప్రింగులు వేయించి 35 మిల్లీమీటర్లు దించాను. 9 వేల కిలోమీటర్లకే వెనక టైర్లు లోపలివైపు అరిగిపోయాయి. అలైన్‌మెంట్ మెషీన్ వెనక చక్రాల క్యాంబర్ (వాలు) ఎడమ మైనస్ 2.8, కుడి మైనస్ 2.5 డిగ్రీలు చూపించింది. చక్రాన్ని కారు బాడీకి కలిపే ఆర్మ్‌ల సెట్టు మొత్తం తీసి, పొడవు మార్చుకునే అడ్జస్టబుల్‌వి వేయించమంటున్నారు షాపువాళ్ళు. ఆర్మ్ చివర్ల కీళ్ళకు రబ్బరు బుష్, పాలీ బుష్ (గట్టి పాలీయురేథేన్‌ది), రోజ్ జాయింట్ (లోహపు గుండు కీలు) – వీటిలో ఏది మంచిది? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: బాబూ, క్యాంబర్ రాశారు, టో రాయలేదు. కారు దిగితే వెనక చక్రం తల లోపలికి వాలుతుంది, అది క్యాంబర్ (లోపలికి వాలితే మైనస్). దాంతోపాటు మొహం కూడా కాస్త పక్కకు తిరుగుతుంది, అది టో. టైరును ఎక్కువగా తినేది ఈ రెండోదే. చక్రం 0.3 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే కిలోమీటరుకు సుమారు 5 మీటర్లు అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టు లెక్క.

అరిగిన టైరు మీద అరచేతిని అడ్డంగా, అటోసారి ఇటోసారి రాయండి. ఒకవైపు నున్నగా జారి, తిరుగు దారిలో రంపం పళ్ళలా గీరుకుంటే టో తప్పిందన్నమాట. రెండువైపులా నున్నగానే ఉంటే క్యాంబర్ పని.

మీ కారుకు వెనక ఎసెంట్రిక్ బోల్టులు (తిప్పితే ఆర్మ్ కాస్త జరిగేవి) కంపెనీవే ఉంటాయి. ముందు వాటిని చివరిదాకా తిప్పించి చూడండి. అప్పటికీ క్యాంబర్ మైనస్ ఒకటిన్నర, రెండు మధ్యకు రాకపోతేనే పై ఆర్మ్‌లు రెండు కొనండి. పై ఆర్మ్ పొడవు పెంచితే చక్రం తల బయటికి వస్తుంది. స్ప్రింగు కూర్చునే కింది ఆర్మ్ జోలికి పోవద్దు, బరువంతా దాని మీదే. సెట్టు మొత్తం మార్చమన్నది వాళ్ళ గల్లా కోసం. 

చివర్లకు రబ్బరు బుష్షే వేయించుకోండి. రోజ్ జాయింటు రేస్ ట్రాక్ మీద బాగుంటుంది. మన వాన బురద లోపలికి చేరితే మాత్రం కొన్నాళ్ళకే టకటకమంటుంది. పాలీకి గ్రీజు ఎండితే కిర్రు. కళింగపట్నం వైపు ఎక్కువ తిరుగుతారా? ఉప్పుగాలికి ఆర్మ్ మరలు పట్టేస్తాయి, అలా పట్టకుండా యాంటీసీజ్ పేస్టు రాయించండి.

బిగించే పద్ధతి కూడా చెప్పాలి, ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఒకసారి మా విజయనగరం షెడ్డులో కారు లిఫ్టు మీద, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బుష్ బోల్టులు ఫుల్ టైట్ చేసేశాను. ఏడాది తిరక్కముందే రబ్బరు చీలి కారు మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. గాలిలో బిగిస్తే కారు కింద దిగగానే రబ్బరు మెలి తిరిగి, ఇక ఎప్పుడూ అలాగే ఉండిపోతుంది. అందుకే కారు బరువు చక్రాల మీద పడ్డాక, టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి బిగించే రెంచి) బిగించమనండి.

ఆ తర్వాత అలైన్‌మెంట్‌లో క్యాంబర్ ముందు, టో చివర సరిచేయించండి. క్యాంబర్ కదిలిస్తే టో కూడా కదులుతుంది. అలైన్‌మెంట్ కొలతల ప్రింటవుట్ చేతికి తీసుకోకుండా డబ్బులివ్వద్దు. ఆర్మ్ పొడవు కదలకుండా పట్టే లాక్‌నట్ల మీద తెల్ల పెయింటుతో గీత గీయించి, 500 కిలోమీటర్లయ్యాక గీత జరిగిందేమో టార్చి వేసి చూసుకోండి.