సెకండ్ హ్యాండ్ ఎంటీబీ (కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్ సైకిల్) కొనేటప్పుడు సైజు ఎలా చూసుకోవాలి?

ఎంటీబీ సైజు అంటే చక్రం సైజు కాదు, ఫ్రేమ్ సైజు: పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా ఎన్ని అంగుళాలో అది. అయితే ఆ ఒక్క అంకెనే నమ్ముకోవద్దు. సీటు ఎత్తు ఎప్పుడైనా సర్దుకోవచ్చు. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరాన్ని మాత్రం పెద్దగా మార్చలేం. అది ఎక్కువైతే నడుము, భుజాలు పట్టేస్తాయి.

ఉదాహరణకు 5 అడుగుల 7 అంగుళాల మనిషికి సాధారణంగా 17 అంగుళాల మీడియం ఫ్రేమ్ సరిపోతుంది. హైదరాబాద్‌లోని పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌లో అలాంటిది కనిపిస్తే పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లేసి నిలబడండి. గొట్టానికీ గజ్జలకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. అనంతగిరి కొండల రాళ్లదారిలో ఉన్నట్టుండి కాలు కింద పెట్టాల్సి వస్తే కాపాడేది ఆ ఖాళీయే. హ్యాండిల్ కింది వెల్డింగ్ దగ్గర గోరుతో మెల్లగా గీసి చూడండి. గోరు పట్టుకుంటే అది పగులు కావచ్చు. అలా పగులున్నది అల్యూమినియం ఫ్రేమ్ అయితే ఎంత చవకైనా వదిలేయండి.

చాలామంది ‘26 సైజు సైకిల్’ అనేది చక్రం వ్యాసం గురించే. ఒకే 29 అంగుళాల చక్రాలతో స్మాల్ ఫ్రేమూ వస్తుంది, ఎక్స్‌ట్రా లార్జూ వస్తుంది.