టెక్ సందేహాలు: మిర్రర్‌లెస్‌కు మారేముందు మీ లెన్సుల పెట్టె తెరచి చూడండి

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పాఠకులు ఈ మధ్య పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం మిర్రర్‌లెస్ కెమెరాల గురించినవే, అంటే లోపల అద్దం లేని కొత్త తరహా కెమెరాల గురించినవే. చాలామంది బాడీల మధ్య, అంటే లెన్స్ లేని ఉత్త కెమెరాల మధ్య, పోలిక అడుగుతున్నారు. మెగాపిక్సెళ్లు ఎన్ని, సెకనుకు ఎన్ని ఫొటోలు, 4కే వీడియో ఉందా లేదా అన్నవి ఆ ప్రశ్నలు. అవి అవసరమే. అయితే బాడీ నాలుగైదేళ్లలో మారిపోతుంది, లెన్సులు పదిహేనేళ్లు మన దగ్గరే ఉంటాయి. అందువల్ల ఈసారి జవాబులన్నింటిలో లెన్స్, దాన్ని పట్టి ఉంచే మౌంట్ ముందుకు వస్తాయి.

బరంపురం నుంచి ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ అడిగిన ప్రశ్న: తొమ్మిదేళ్లుగా నికాన్ డి7200 వాడుతున్నాను. 18-140 జూమ్‌తో పాటు 50 ఎంఎం ఎఫ్/1.8డి, 85 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సులు ఉన్నాయి. ఎఫ్‌టీజడ్ అడాప్టర్ కొంటే ఈ మూడూ నికాన్ మిర్రర్‌లెస్ కెమెరా జడ్5లో (పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ రకం) పనిచేస్తాయని దుకాణదారు చెబుతున్నారు. నమ్మవచ్చా?

మూడూ కెమెరాకు బిగుస్తాయి, ఫొటో కూడా వస్తుంది. ఆ మేరకు ఆయన మాట నిజమే. నికాన్ 1959 నుంచి వాడుతున్న ఎఫ్ మౌంట్‌లో లెన్స్ అంచుకూ సెన్సర్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు. మధ్యలో అద్దం పైకి లేవడానికి ఆ చోటు కావలసి వచ్చింది. 2018లో వచ్చిన జడ్ మౌంట్‌లో అద్దం లేదు కాబట్టి ఆ దూరం 16 మిల్లీమీటర్లకు తగ్గింది. మిగిలిన 30.5 మిల్లీమీటర్లను భర్తీ చేసే గొట్టమే ఎఫ్‌టీజడ్ అడాప్టర్. దానిలో గాజు కటకాలేవీ లేవు కాబట్టి బొమ్మ నాణ్యత తగ్గదు.

చిక్కు ఆటోఫోకస్ దగ్గర వస్తుంది. మీ 50, 85 ఎంఎం లెన్సులు డి రకానివి. వాటిలో మోటారు ఉండదు. డి7200 బాడీలో ఉన్న మోటారు, మౌంట్ అంచున కనిపించే చిన్న స్క్రూడ్రైవర్ మొనలాంటి భాగంతో లెన్స్‌ను తిప్పి ఫోకస్ చేస్తుంది. ఆ మోటారు జడ్ కెమెరాల్లోనూ లేదు, ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ లేదు. అంటే ఈ రెండు లెన్సులనూ చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపించే ఫోకస్ పీకింగ్ సదుపాయం వల్ల కూర్చున్న పెద్దల చిత్రాలకు ఇబ్బంది లేదు గాని, తలంబ్రాలు పోసుకునే వేళ ఆ పద్ధతి మీద ఆధారపడమని నేను చెప్పలేను. 18-140లో మోటారు లోపలే ఉంది కాబట్టి అది చక్కగా ఫోకస్ అవుతుంది. అయితే అది ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ కోసం చేసిన డీఎక్స్ లెన్స్. దాన్ని తగిలించగానే జడ్5 తన సెన్సర్‌లో మధ్య భాగాన్ని మాత్రమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్ల కెమెరా 10 మెగాపిక్సెళ్లదైపోతుంది. మీ పెట్టెలో ఫోకస్ అయ్యే లెన్స్ ఫ్రేమ్ నింపదు, ఫ్రేమ్ నింపే లెన్సులు ఫోకస్ కావు. దుకాణదారు చెప్పకుండా వదిలేసిన సంగతి ఇదే.

కాబట్టి అడాప్టర్‌కు పెట్టే డబ్బును ఒక జడ్ లెన్స్‌కు జమ చేయండి. పెళ్లి పనికి 24-120 ఎఫ్/4 గాని, 28-75 ఎఫ్/2.8 గాని ఒక్కటి ఉంటే ముందు గడిచిపోతుంది. డి7200ను అమ్మవద్దు. దానికి 85 ఎంఎం తగిలించి రెండో కెమెరాగా భుజాన వేసుకోండి; ఆ లెన్స్‌కు ఇప్పటికీ సరైన జోడీ ఆ బాడీయే. దాని బ్యాటరీలు జడ్5లోనూ సరిపోతాయి, అయితే పాతవి కాబట్టి త్వరగా అయిపోతాయి. బ్యాటరీ విషయంలో అంచనా మార్చుకోక తప్పదు. ఒక్క చార్జింగ్‌తో డి7200కు ప్రామాణిక పరీక్షలో 1,110 ఫొటోల లెక్క ఉండగా, జడ్5 వ్యూఫైండర్‌తో 400 దరిదాపుల్లో ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో మీరు చూస్తున్నంతసేపూ సెన్సర్, తెర రెండూ పనిచేస్తూనే ఉండటం దీనికి కారణం. ఆపకుండా వరుసగా తీసేటప్పుడు లెక్క దీనికంటే బాగా ఎక్కువే వస్తుంది. అయినా రాత్రి ముహూర్తానికి మూడు బ్యాటరీలు లేకుండా బయలుదేరవద్దు.

ఇంకొక మాట. స్టాండు మీద సాఫ్ట్‌బాక్స్ పెట్టి ట్రిగ్గర్‌తో ఫ్లాష్ వెలిగించే అలవాటు మీకు ఉంటే, కొత్త కెమెరాలో వ్యూఫైండర్ నల్లగా కనిపించి కంగారు పడతారు. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ మీ ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటో ఎంత వెలుతురుతో వస్తుందో, ముందుగానే చూపిస్తుంది, వెలగబోయే ఫ్లాష్ సంగతి దానికి తెలియదు. సెట్టింగ్స్‌ను లైవ్ వ్యూకు వర్తింపజేసే ఎంపికను మెనూలో ఆపేస్తే తెర మామూలు వెలుగుతో కనిపిస్తుంది. సోనీ, కెనాన్ కెమెరాల్లోనూ ఇలాంటి ఎంపిక ఉంది. ఫ్లాష్ లేని చోట దాన్ని మళ్లీ ఆన్ చేయడం మరువకండి, మిర్రర్‌లెస్ ఇచ్చే పెద్ద సుఖం అదే.

బరంపురం నుంచే మరొకరు: ఠాకురాణి యాత్రలో పులి వేషాల ఫొటోలు సైలెంట్ మోడ్‌లో తీశాను. చాలా ఫొటోల మీద అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. సెన్సర్ పాడైందా?

పాడు కాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు ఎక్కుతూ తగ్గుతూ ఉంటాయి. కంటికి అది తెలియదు. సైలెంట్ మోడ్ అంటే ఎలక్ట్రానిక్ షట్టర్. అది సెన్సర్‌ను పైనుంచి కిందికి వరుస తర్వాత వరుసగా చదువుతుంది. ఒక వరుస దీపం వెలుగులో ఉన్న క్షణంలోనూ, తర్వాతి వరుస అది మసకబారిన క్షణంలోనూ నమోదవుతాయి. చారలు అలా పుడతాయి. మెకానికల్ షట్టర్‌కు మారి, వేగాన్ని 1/100 లేదా 1/50 సెకనుకు పెట్టండి. దీపాల మిణుకును తప్పించే యాంటీ ఫ్లికర్ ఎంపిక ఉంటే ఆన్ చేయండి. మెకానికల్ షట్టర్ అయినా 1/2000 దగ్గర చారలు తప్పవు, ఎందుకంటే ఆ వేగంలో షట్టర్ ఒక సన్నని సందుగా సెన్సర్ మీదుగా జారుతుంది. పందిరి అలంకరణకు కట్టే ఎల్ఈడీ తోరణాల్లో కొన్ని 100 లెక్కకు లోబడవు. వాటి దగ్గర షట్టర్ వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ తెర మీద చారలు కరిగే చోటు పట్టుకోవాలి. వీడియో తీసేవారు కెమెరాను 50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే పాల్ వీడియో పద్ధతికి మార్చి, సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకుంటే వీధి దీపాల మిణుకు చాలావరకు పోతుంది.

సెన్సర్ నిజంగా పాడయ్యే ప్రమాదం ఊరేగింపుల్లో వేరే ఉంది. డీజే బండ్ల మీద తిరిగే లేజర్ కిరణం లెన్స్‌లోకి నేరుగా పడితే సెన్సర్ మీద మాయని గీతలు, చుక్కలు పడతాయి. అద్దం ఉండే పాత తరహా డీఎస్ఎల్ఆర్‌లో ఫొటో తీయని సమయంలో అద్దం, షట్టర్ అడ్డు ఉండేవి. మిర్రర్‌లెస్‌లో కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ సెన్సర్ తెరిచే ఉంటుంది. లేజర్ బండి ఎదురైతే లెన్స్‌కు మూత పెట్టేయండి.

ఛత్రపురం నుంచి ఒక ఉపాధ్యాయుడు: చలికాలంలో రంభ నుంచి పడవ మీద చిలికా సరస్సులోకి వెళ్లి పక్షులను తీయాలని ఆశ. కెనాన్ ఆర్7తో ఆర్ఎఫ్ 100-400 మంచిదా, సోనీ ఏ6700తో 70-350 మంచిదా?

మీ ప్రశ్నలో బాడీతో పాటు లెన్స్ కూడా ఉండటం సంతోషం కలిగించింది. పక్షి కంటిని గుర్తించి వెంటాడే ఆటోఫోకస్ రెండింటిలోనూ ఉంది, రెండింటిలోనూ సెన్సర్ కదిలి వణుకును తగ్గించే స్థిరీకరణ ఉంది. రెండు లెన్సులూ 650 గ్రాముల లోపే, కాబట్టి పడవలో స్టాండు లేకుండా చేత్తో పట్టుకోవచ్చు. తేడా దూరంలోనూ వెలుతురులోనూ ఉంది. కెనాన్ లెన్స్ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 640 ఎంఎం వరకు చేరుతుంది, సోనీది 525 వరకు. కెనాన్ సెన్సర్ 32.5 మెగాపిక్సెళ్లది, సోనీది 26. చిలికాలో పక్షి ఎప్పుడూ మనం అనుకున్నదానికంటే దూరంగానే ఉంటుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. మరోవైపు పూర్తిగా జూమ్ చేసినప్పుడు కెనాన్ లెన్స్ ఎఫ్/8కి పడిపోతుంది, సోనీది ఎఫ్/6.3 దగ్గర నిలుస్తుంది; ఈ అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. పొద్దు పొడవకముందే మీరు నీళ్ల మీద ఉండదలిస్తే సోనీకి మేలు. ఎండ పరుచుకున్నాక తీసేవారైతే కెనాన్.

నేనైతే మీకు ఆర్7నే సూచిస్తాను, ఒక షరతు మీద. దాని ఎలక్ట్రానిక్ షట్టర్ సెకనుకు 30 ఫొటోలు తీస్తుందని ప్రకటనల్లో చూసి ఉంటారు. ఆ సెన్సర్ చదివే వేగం తక్కువ కాబట్టి, ఆ పద్ధతిలో ఎగిరే బాతు రెక్కలు వంగిపోయి కనిపిస్తాయి. మెకానికల్ షట్టర్‌తో వచ్చే 15 ఫొటోలు మీకు చాలు. ఎగిరే పక్షికి 1/2000 సెకను కంటే తగ్గవద్దు. స్థిరీకరణ మీ చేతి వణుకును ఆపుతుంది గాని రెక్క కదలికను ఆపలేదు. పొద్దెక్కాక నీటి మీద వేడిగాలి అలలాడటం మొదలైతే దూరపు పక్షి ఏ లెన్స్‌కూ స్పష్టంగా చిక్కదు. అప్పుడు పడవను ఇంకా దగ్గరకు పోనివ్వమని పడవవానిని అడగవద్దు. వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షులు తిరుగు ప్రయాణానికి ఒళ్లు పెంచుకునేది ఇక్కడే, మన ఫొటో కోసం లేచిన ప్రతిసారీ అవి ఆ బలాన్ని పోగొట్టుకుంటాయి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల విషయంలోనూ అంతే; అటవీ సిబ్బంది చెప్పిన చోటే నిలబడండి, ఫ్లాష్‌ను ఇంట్లోనే వదిలేయండి.

గుణుపురం నుంచి ఒక గృహిణి: తెలుగు, ఒడియా వంటల వీడియోల కోసం సోనీ జడ్‌వీ-ఈ10, కెనాన్ ఆర్50లలో ఏది కొనాలి?

వంటగదిలో స్టాండు మీద పెట్టి తీసే పనికి రెండూ చాలు. ఆర్50లో 4కే వీడియో సెన్సర్ పూర్తి వెడల్పుతో వస్తుంది, వ్యూఫైండర్ ఉంది. జడ్‌వీ-ఈ10లో వ్యూఫైండర్ లేదు గాని, మాట ఎలా రికార్డవుతోందో వినడానికి హెడ్‌ఫోన్ జాక్ ఉంది, ఆర్50లో అది లేదు. రెండింటిలోనూ సెన్సర్ స్థిరీకరణ లేదు, కాబట్టి సంతలో నడుస్తూ తీయడమే మీ ముఖ్య పని అయితే రెండూ సరిపోవు. లెన్సుల దగ్గర సోనీ ఈ మౌంట్‌కు సిగ్మా, టామ్రాన్ వంటి సంస్థల సరసమైన లెన్సులు చాలా కాలంగా ఉన్నాయి. కెనాన్ తన ఆర్ఎఫ్ మౌంట్‌ను ఏపీఎస్-సి లెన్సుల మేరకు ఆ రెండు సంస్థలకు తెరిచింది 2024లోనే. అందువల్ల మీకు నేను సోనీ వైపు మొగ్గుతాను. మిగిలిన డబ్బుతో కాలర్‌కు తగిలించుకునే మంచి మైకు కొనండి. పోపు చిటపటల మధ్య మీ మాట వినపడాలి.

పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థి: వానాకాలం తర్వాత లెన్స్‌ను వెలుతురుకు పట్టి చూస్తే లోపల సాలెపురుగు దారాల్లాంటివి కనిపిస్తున్నాయి. తుడిస్తే పోవడం లేదు.

అది ఫంగస్. లోపలి అద్దాల మీద పెరిగింది కాబట్టి బయట ఎంత తుడిచినా పోదు. గాలిలో తేమ చాలాకాలం 70 శాతం దాటి ఉంటే అది పుడుతుంది, వదిలేస్తే అద్దం మీది పూతను తినేస్తుంది. ఆ లెన్స్‌ను మిగిలిన వాటికి దూరంగా పెట్టి, త్వరగా సర్వీసుకు ఇవ్వండి. తోలు సంచిలో భద్రంగా ఉందనుకుని ఒక 35 ఎంఎం లెన్స్‌ను నేను ఇలాగే పోగొట్టుకున్నాను. తోలు, గుడ్డ తేమను పీల్చి పట్టి ఉంచుతాయని అప్పుడు నాకు తెలియదు.

కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ మంచిదే. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పటి చీకటి రోజులు మీ ఇంట్లో పెద్దలకు గుర్తుండే ఉంటాయి. తేమ ఎక్కువగా ఉండే అలాంటి రోజుల్లోనే ఆ పెట్టె పనిచేయదు. అందుకే రబ్బరు అంచుతో గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ శాతం చూపే చిన్న మీటరు ఉంచుకోండి. మీటరు 40 నుంచి 50 మధ్య ఉండాలి. అంతకంటే బాగా తగ్గినా మంచిది కాదు. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, కానీ నీలం గింజల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి వాటిని వంట పాత్రలో వేయించవద్దు. నారింజ రంగు గింజలు కొనుక్కుని, వాటికైనా ఒక మూకుడు వేరుగా పెట్టుకోండి.

మిర్రర్‌లెస్‌లో అద్దం అడ్డు లేనందువల్ల లెన్స్ తీయగానే చాలా కెమెరాల్లో సెన్సర్ ఎదురుగా కనిపిస్తుంది. కెమెరా ఆపి, మౌంట్‌ను నేలవైపు వంచి లెన్స్ మార్చండి. గోపాల్‌పూర్ ఒడ్డున ఉప్పుగాలిలో అసలు మార్చవద్దు. ఏసీ గదిలోంచి కెమెరాను బయటికి తెచ్చేటప్పుడు సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగండి. చల్లని అద్దం మీద తేమ పట్టడం అప్పుడే మొదలవుతుంది.