అజొల్లా ఎర్రబడితే...

ప్రశ్న: మేడ మీద టబ్బులో అజొల్లా (నీటి మీద తేలుతూ పెరిగే, ఎరువుగా వాడే చిన్న మొక్క) వేశాం. ఎండలు ముదిరాక ఎర్రబడింది, పెరగడం లేదు. కుండీలకు పనికొస్తుందా? – ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: చెన్నై ఎండకు ఎర్రబడక ఏం చేస్తుందండీ! సగం ఎండ ఆపే షేడ్‌నెట్ కట్టండి. నీళ్లు నాలుగంగుళాలకు తగ్గనివ్వకండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. నీడలోనూ రంగు మారకపోతే భాస్వరం చాలనట్టే. చదరపు మీటరుకు 5 గ్రాముల సూపర్‌ఫాస్ఫేట్ పేడనీళ్లలో కలిపి పోయండి. యూరియా అక్కర్లేదు. ఆకుల్లో కాపురముండే అనబీనా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తూనే ఉంటుంది. టబ్బంతా దట్టంగా అల్లుకుంటే మూడో వంతు తీసేయాలి, లేదంటే అడుగున కుళ్లి కంపు కొడుతుంది. తీసింది, ఎర్రబడిందైనా సరే, కుండీ మట్టిలో కలపండి. పైన పరిస్తే ఊరికే ఎండిపోతుంది.